అక్రోటు మరక

"విప్పవే. నానమ్మకు చూపించు."

మునిస్ తల మీది రుమాలును రెండు చేతులా పట్టుకుని వాకిట్లో నిలబడిపోయింది. పది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇప్పుడే వ్యాను దిగిన ఏడేళ్ల పిల్ల. దిగుతూనే దూడ దగ్గరికి పరుగు తీయబోయింది. తల్లి రెక్క పట్టుకుని ఆపేసింది.

"పిల్లను కాసేపు కూర్చోనివ్వు హుల్కర్," అంది తాజినిసా. "ఎండన పడి వచ్చారు. టీ కాచి ఉంచాను. రొట్టెలు కూడా ఇప్పుడే తీశాను."

"మీ టీలూ రొట్టెలూ తర్వాత అత్తయ్యా. ముందు మీ వైద్యం ఎలా పారిందో కళ్లారా చూసుకోండి."

"మెల్లగా మాట్లాడమ్మా. తలుపు బయట జనం ఉన్నారు."

"ఉండనీండి. పిల్లల్ని తెచ్చుకున్నారుగా, వాళ్లూ చూడాలి. చూశాక ఉండేవాళ్లు ఉంటారు, పోయేవాళ్లు పోతారు."

ఆ మాట అంటూనే రుమాలు లాగేసింది.

ఆ తల మీద మొన్న వసంతంలో నవ్రూజ్ పండక్కి నలభై సన్న జడలు ఉండేవి. వాటిని అల్లడానికి హుల్కర్‌కు సగం పూట పట్టింది. ఊళ్లో ఆడవాళ్లు ఆగి మరీ చూశారు. ఇప్పుడు గొరిగిన నున్నని తల మిగిలింది. నడినెత్తిన అరచెయ్యంత పుండు, చీము ఎండి ఎర్రగా చెక్కు కట్టింది. పుండు చుట్టూ చెవి దాకా ఇంకా వదలని నలుపు. అక్రోటు తొక్క నలుపు.

తాజినిసా మనవరాలి దగ్గరికి ఒక్క అడుగు వేసింది. హుల్కర్ పిల్లను వెనక్కి లాక్కుంది.

"ముట్టుకోకండి!"

వసారా మెట్టు మీద సనోబర్ కూర్చుని ఉంది. తాజినిసా పెద్ద కూతురు. సంగతి తెలిసి నిన్ననే ఓష్ నగరం నుంచి వచ్చింది. లేవబోయి, మళ్లీ అక్కడే ఉండిపోయింది.

"డాక్టరమ్మ ఏమందో చెప్పనా?" హుల్కర్ గొంతు పెంచింది. "దూడ నుంచి అంటుకున్న తామరట. ఒంటి మీదైతే పూతకు లొంగేదేమో గానీ తల మీద వెంట్రుక కుదుళ్లలోకి దిగిపోతుందట. అక్కడికి ఏ పసరూ పోదట. మాత్రలు మింగాలట, రెండు నెలలు. ముందే తెచ్చుంటే జుట్టు దక్కేదట. పైన రాసిన మందుకు చర్మం కాలి, లోపల చీము పట్టి... అక్కడ ఇక మొలవదు అత్తయ్యా. జన్మకు మొలవదు. విన్నారా?"

"విన్నాను," అంది తాజినిసా.

"అంతేనా? విన్నాను, అంతేనా?"

"ఇంకేం అనమంటావు తల్లీ?"

మునిస్ నేల మీది రుమాలు తీసుకుని తనే తలకు చుట్టుకుంది. ముడి వెయ్యడం రాక, కొసలు రెండూ గడ్డం కింద పట్టుకుని దూడ దగ్గరికి వెళ్లిపోయింది.

వీధి తలుపు బయట ఏదో పసిబిడ్డ ఏడుస్తుంటే తల్లి జోకొడుతోంది. పొద్దుటి నుంచి ఏడుగురు ఆడవాళ్లు పిల్లలతో ఆ గోడ నీడన కాచుకుని ఉన్నారు. మొన్న ఎవరో పచ్చి అక్రోటులో సూది గుచ్చి చూశారట, వెన్నలో దిగినట్టు దిగిందట. అంటే పచ్చికాయ మురబ్బాకు పక్వం, తొక్క మందుకూ పక్వం. ఈ కొండ ఊళ్లలో తామర వచ్చిన వాళ్లంతా ఆ వారానికే ఎదురు చూస్తారు. చలికాలమంతా కొట్టాల్లో కట్టేసిన దూడల నుంచి అంటుకున్న తామరను వసంతమంతా గోక్కుంటూ ఓర్చుకుని, జూన్ రాగానే తాజినిసా తలుపు ముందుకు వస్తారు. ఆవిడ హస్తవాసి అలాంటిది. వైద్యానికి వెల పుచ్చుకోదు. ఇచ్చేవాళ్లు ఇంత రొట్టో, ఒక తల రుమాలో మెట్టు మీద పెట్టిపోతారు.

ఎర్గష్ ఆసుపత్రి సంచులు మోసుకుంటూ వెనకాలే వచ్చాడు. తాజినిసా కొడుకు, హుల్కర్ మొగుడు. మే మొదట్లో పశువుల్ని తోలుకుని పైకొండకు పోయినవాడు కబురందాక గానీ దిగలేదు, ఆసుపత్రికి నిన్ననే వెళ్లాడు. కూతురు మంచాన పడ్డప్పుడు తను లేడన్న కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక, వచ్చినప్పటి నుంచి ముఖం గంటు పెట్టుకున్నాడు.

వసారాలో బల్ల ముందు కూర్చుని రొట్టె తుంచాడు.

"మురబ్బా లేదా?"

ఆ పూట మురబ్బా అడగాలని ఎవరికి అనిపిస్తుంది? మాటలు రాని మగవాడికి అనిపిస్తుంది.

"ఈ ఏడు పెట్టలేదు నాయనా," అంది తాజినిసా. "ఇల్లిలా ఉంటే ఎవరు పెడతారు? ఈ ఇంట్లో ఇంతవరకు ఒక్క పచ్చికాయ కూడా కొయ్యలేదు."

"పచ్చికాయ కొయ్యకుండానే నా కూతురి తల నల్లబడిందా?"

తాజినిసా టీ పోస్తున్నదల్లా ఆగి, మళ్లీ పోసింది.

"చెప్పమ్మా. ఏ మందు పెట్టావు? చెట్టు మీద కాయలు పిందెలుగా ఉన్నప్పుడు తొక్క నీకు ఎక్కడిది? నాయనమ్మ పోతూ నీకు ఏం చెప్పి మందు పెట్టే చెయ్యి ఇచ్చింది? పచ్చి తొక్క తప్ప వేరే ముట్టకూడదనేగా?"

"ముట్టాను. తప్పు నాదే."

"తప్పు నాదే అంటే అయిపోయిందా?"

"అయిపోలేదు. అయిపోదు కూడా. టీ తాగు, చల్లారుతోంది."

సనోబర్ ఇక ఉండలేక లేచి, ఇంటి వెనక తందూరు దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ మందు ఎక్కడిదో ఆమెకు తెలుసు. పోయిన ఏడు ఈ ఇంటి చెట్ల నుంచే బస్తాడు పచ్చి తొక్కలు ఓష్‌కు తీసుకుపోయింది తనే. మొక్కల్లోని పదార్థాలు వేరుచేసే ప్రయోగశాలలో ఆమెకు పదకొండేళ్లుగా ఉద్యోగం. బస్తా తొక్కల సారాన్ని పిండి పిండి వేలెడు సీసాలోకి దించింది. అందులో ఉన్నదాన్ని జుగ్లోన్ అంటారు. తామర బూజును గాజు పళ్లెంలో పెంచి, నడుమ ఒక్క చుక్క వేసి, మర్నాడు చూస్తే చుక్క చుట్టూ గుండ్రంగా అంతా శుభ్రమైపోయింది. ఆ పూట సనోబర్ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. తల్లి నలభై ఏళ్లుగా చేస్తున్నది ఉత్త నమ్మకం కాదని తన కళ్లతో చూసింది.

గాజు పళ్లెం వేరు, మనిషి ఒళ్లు వేరని కొత్తగా చేరే వాళ్లకు పాఠం చెప్పేదీ ఆమే. ఎవరి చర్మం మీదా అప్పటికి పరీక్షించలేదు. అయినా మే పండగ సెలవులకు వస్తూ ఎవరినీ అడక్కుండా ఆ సీసా సంచిలో వేసుకుంది. ఎందుకు వేసుకుందో తనకు తెలియనిదేం కాదు. ఈ ఇంట్లో చెయ్యి అత్త నుంచి కోడలికే వస్తుంది. కూతురు ఎంత చదివినా పరాయిదే. హుల్కర్‌కు దక్కబోయే చెయ్యి తనకూ ఉందని అమ్మకు ఒక్కసారి చూపించాలనుకుంది. నాలుగు పదుల దగ్గరపడ్డా ఆ చిన్నపిల్ల కోరిక చావలేదు.

"అమ్మా, ఇది నీ మందే," అంది ఆ రోజు. "వందరెట్లు చిక్కన. తొక్కల కోసం జూన్ దాకా ఆగక్కర్లేదు. మూడు చుక్కలు చాలు, వారానికి ఒకసారి."

అప్పటికి మునిస్ నెత్తి మీద తామర చిన్న నాణెమంత ఉంది.

తందూరు గది గూట్లో ఉప్పు కుండ వెనక ఆ సీసా ఇప్పటికీ ఉంది. సనోబర్ తీసి వెలుతురుకు పట్టి చూసింది. చుక్క లేదు. అడుగున గోధుమరంగు చార మాత్రం అంటుకుని ఉంది.

వెనక అడుగుల చప్పుడైంది. తాజినిసా వచ్చి కూతురి చేతిలో సీసా చూసి ఆగింది.

"మూడు చుక్కలన్నాను కదమ్మా!" సనోబర్ సీసాను తల్లి ముందుకు చాపింది. "నూట యాభై చుక్కలు పడతాయి ఇందులో. ఏం చేశావు?"

"మూడే వేశాను. ఒక్కసారి. ఈకతో."

"మరి ఇది ఖాళీగా ఉందేం?"

తల్లి ఉప్పు కుండను సరిచేస్తున్నట్టు అటు తిరిగింది.

"ఒలికిపోయింది."

"ఎక్కడ ఒలికింది? ఇది ఒలికితే మరక పోతుందా? ఈ నేల మీద ఎక్కడుంది మరక?"

"నీకెందుకే ఆ ఆరాలన్నీ?" తాజినిసా మెల్లగా కసిరింది. "మూడు చుక్కలకే పిల్ల మంటని ఏడ్చింది. ఇది మన మందులా లేదని గూట్లో పెట్టేశాను. కాయలు పక్వానికి వచ్చేదాకా ఆగుదామన్నాను. అంతవరకే నాకు తెలుసు."

అబద్ధం ఆడుతోందని సనోబర్‌కు అర్థమైంది. అమ్మ అబద్ధమాడగా పుట్టి బుద్ధెరిగి చూడలేదు. కూతురు తెచ్చిన మందన్న మురిపెంతో లెక్క తప్పి రోజూ రాసి ఉంటుంది, ఇప్పుడు చెప్పుకోలేక ఒలికిందంటోంది. ఆ ఆలోచనకు ఆమెకు కోపం రాలేదు.

"నేను చెప్పేస్తాను. సీసా నాదని చెబుతాను."

"నోరెత్తావంటే నా మీద ఒట్టే. అడక్కుండా తెచ్చావు కదూ ఇది? అక్కడ తెలిస్తే నీ ఉద్యోగం ఉంటుందా? నన్ను అననీ. ముసలిదాన్ని, పడతాను."

"నువ్వు పడాల్సిన మాటలు కావమ్మా అవి."

"అందరూ తలో ఇంత పంచుకుంటే తరిగే బరువైతే పంచేదాన్ని," అని తాజినిసా కొంగుతో ముఖం తుడుచుకుంది. "పిల్ల తల చూశావుగా. ఎవరు పంచుకుంటే అక్కడ జుట్టు మొలుస్తుంది?"

సనోబర్ ఒట్టును పక్కన పెట్టేసింది. ఒట్లకు జడిసే వయసు దాటిపోయింది.

హుల్కర్ లోపలి గదిలో పిల్ల బట్టలు మూటకడుతోంది. పుట్టింటికి ప్రయాణం. పొడుగు చేతుల గౌను అంచులు వేళ్ల మీదికి లాక్కుని, ఆ గుడ్డతోనే అన్నీ అందుకుంటోంది. ఆసుపత్రిలో అలవాటైన శుభ్రం కాబోలు అనుకుంది సనోబర్.

"హుల్కర్, ఒక్క మాట చెప్పాలి."

"మీ అమ్మ తరఫున అయితే వద్దు వదినా."

"నా తరఫునే. ఆ మందు నేను తెచ్చింది. ఓష్ నుంచి. అమ్మకు ఇచ్చి రాయమన్నది నేనే."

మీద పడి రక్కుతుందేమో అనుకుంది. రక్కినా బాగుండేది. హుల్కర్ మూట మీద నుంచి తలెత్తలేదు.

"తెలుసు," అంది.

"తెలుసా?"

"సీసా మీద చీటీ మీ అక్షరాలే కదా. నాకు చదవడం రాదనుకున్నారా?" పిల్ల గౌను ఒకటి మడిచి పెట్టింది. "పెద్ద చదువులు చదివారు. బూజును చంపారు. పిల్లలుంటే తెలిసేది వదినా, పిల్ల తల అంటే గాజు పళ్లెం కాదని."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది.

"జుట్టు ఊడుతుంటే ఎలా ఉంటుందో తెలుసా?" హుల్కర్ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది. "పొద్దున దువ్వెనలో ఇంత. సాయంత్రం దిండు మీద ఇంత. మీ అమ్మేమో కాయలు పండనీ, ఆగు ఆగు అంటారు. ఆగితే ఏం మిగులుతుంది? నలుపెక్కితే మందు పట్టినట్టే కదా. ఊరంతా అదే మాటగా? నల్లబడుతుంటే మందు పడుతోందిలే, లోపల మానుతోందిలే అని..." మాట మింగేసింది. "అని మీ అమ్మ అనుకున్నారు."

"అవును. ఆ నలుపు కిందే చీము పట్టింది. మరక వల్ల ఎర్రదనం కనిపించలేదు."

హుల్కర్ ముడి వేస్తున్న చేతులు ఆగాయి.

"వదినా, ఎన్ని చుక్కలు వెయ్యమన్నారు మీరు?"

"మూడు."

"రోజుకా?"

"కాదు. వారానికి."

హుల్కర్ మూట పక్కనే కూలబడింది.

"వారానికా?" అంది. "అది చీటీ మీద లేదే."

"అమ్మకు నోటితో చెప్పాను."

ఇంకేదో అడగాలని సనోబర్ నోరు తెరిచింది. అంతలో వాకిట్లో నుంచి తాజినిసా పిలుపు వినిపించింది. వీధి తలుపు తీసిన చప్పుడూ వినిపించింది.

వాకిట్లోకి వచ్చి చూస్తే ఏడుగురూ లోపల నిలబడి ఉన్నారు. అందరి కంటే ముందు ఖుమ్రి అనే పెద్దావిడ, చంకలో మనవరాలు. పసిదాని బుగ్గ మీద గుండ్రటి తామర, అంచులు మొటిమల్లా లేచాయి. ఖుమ్రి తన కొంగులో నాలుగు పచ్చి కాయలు కట్టుకుని మరీ వచ్చింది.

"చేత్తో ముట్టుకో తాజినిసా. రెండు కొండలు దాటి వచ్చాను. నీ చెయ్యి పడితే చాలు."

"నువ్వు విన్నావుగా అక్కా, ఇందాక మా ఇంట్లో అరుపులు."

"విన్నాను. ఇళ్లన్నాక అరుపులుండవా? మా ఇంట్లో అయితే పళ్లాలు కూడా ఎగురుతాయి."

నలుగురు నవ్వారు. తాజినిసా నవ్వలేదు.

"నా మనవరాలి తల నా ఇంట్లో చెడింది. చెయ్యి నమ్ముకుని వచ్చినవాళ్లకు ఆ సంగతి దాచి మందు పెట్టలేను. బిడ్డను కింద ఆసుపత్రికి తీసుకెళ్లు. బుగ్గ మీదదే కదా, వాళ్లిచ్చే పూతకే పోతుంది. తల మీద వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి, ఎవరింటికీ పోకండి. మాత్రలుంటాయి." అందరి వైపూ తిరిగింది. "నేను చెయ్యి విడిచేస్తున్నాను."

ఖుమ్రి నవ్వు మాయమైంది. వెనక ఎవరో 'అయ్యో' అన్నారు. చెయ్యి విడవడమంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. అత్త చచ్చిపోతూ అరచేతిలో అరచెయ్యి పెట్టి ఇచ్చినదాన్ని నలుగురి ముందూ నీళ్లలో వదిలెయ్యడం. ఒకసారి వదిలితే తిరిగి రాదు. కోడలికి ఇవ్వడానికి కూడా ఏమీ మిగలదు.

"అమ్మా, వద్దు!" సనోబర్ ముందుకొచ్చింది. "ఆ మందు..."

"సనోబర్! కొమ్ము చెంబు తీసుకురా. నువ్వే పొయ్యి నీళ్లు."

"కూతురు పొయ్యకూడదు," అంది ఖుమ్రి వెంటనే. "పోసేది కోడలే. నీ అత్త నాటి నుంచి పద్ధతి అదేగా. తీసుకున్నప్పుడూ కోడలే, విడిచినప్పుడూ కోడలే."

"కోడలు అలిసిపోయి వచ్చింది అక్కా. ఈ ఒక్కసారికి కూతురు పోస్తే కొంప మునగదు."

"మునుగుతుంది. సగం విడిచిన చెయ్యి ఎవరికి మంచిది?"

తాజినిసా మరో సాకు వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూసింది. అమ్మ ఎందుకంత పట్టుబడుతోందో సనోబర్‌కు అర్థం కాలేదు. చివరికైనా తనను దగ్గరికి తీసుకోవాలని కాబోలు అనుకుంది.

"హుల్కర్!" వసారాలోంచి ఎర్గష్ కేకేశాడు. "నీళ్లు తెచ్చి పొయ్యి. విడవనీ. విడిస్తేనే మంచిది."

హుల్కర్ బయటికి వచ్చింది. ఇత్తడి పళ్లెం నేల మీద పెట్టి, కొమ్ము చెంబు ఎత్తింది. తాజినిసా గొంతుక్కూర్చుని రెండు అరచేతులూ చాపింది. నలభై వేసవులు పచ్చి తొక్కలతో వైద్యం చేసిన చేతులవి. తెల్లగా, ముడతలు పడి, గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. మందును ఈకతో తప్ప వేలితో ముట్టకపోవడం ఆమె అత్త నేర్పిన మొదటి పాఠం.

చెంబు నిండుగా ఉంది. హుల్కర్ దాన్ని రెండు చేతులా పైకెత్తి వంచబోయేసరికి గౌను అంచులు ముంజేతుల దాకా జారాయి.

కుడిచేతి బొటనవేలి గోరు నల్లగా ఉంది. చూపుడు వేలిదీ, నడిమి వేలిదీ అంతే. గోటి మొదట్లో సన్నగా తెల్లచార తేలింది గానీ మిగిలిందంతా నలుపు. మురబ్బాకు కాయలు చెక్కినా, మందు ముట్టినా పడే మరక చర్మం మీద నాలుగు వారాలకు పోతుంది. గోటికి పడితే గోరు పెరిగి తెగేదాకా పోదు. అది ఈ ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

తందూరు గది నేల మీద మరక ఎందుకు లేదో సనోబర్‌కు ఇప్పుడు తెలిసింది. సీసా ఒలకలేదు. అత్త కాయల పక్వం చూసుకుంటూ చెట్ల వెంట తిరుగుతున్న పూటల్లో, కూతురి ఊడిపోతున్న జుట్టును ఎలాగైనా నిలబెట్టుకోవాలని, ఈకా లెక్కా తెలియని హుల్కర్ రోజూ వేలితో అద్ది అద్ది రాసింది.

అమ్మకు ఇది తెలుసు. ఎన్నాళ్లుగానో తెలుసు.

తాజినిసా ఒక పక్కకు జరిగి, తన వీపు జనానికి అడ్డం పెట్టి కూర్చుంది.

"పొయ్యి తల్లీ," అంది మెల్లగా. "తల వంచుకుని పొయ్యి. త్వరగా అయిపోతుంది."

నీళ్లు పడ్డాయి. చెంబు కొమ్ము ఒకసారి చేతుల మీదా ఒకసారి నేల మీదా పోసింది. తాజినిసా పెదవులు కదుపుతూ అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంది. మూడోసారి నీళ్లకు కళ్లు మూసుకుంది. గుంపులో ఇద్దరు ఆడవాళ్లు పైకే ఏడ్చారు. ఖుమ్రి కొంగులోని నాలుగు పచ్చికాయలూ విప్పి మెట్టు మీద పెట్టి, మనవరాలిని ఎత్తుకుని వెనక్కి తిరిగింది. ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. చివరి మనిషి తలుపు దగ్గరగా వేసి పోయింది.

"చాలమ్మా," అంది తాజినిసా. తువ్వాలు అందుకుని తన చేతులు తుడుచుకోకుండా కోడలి కుడిచేతి మీద కప్పింది. తువ్వాలు కిందే ఆ వేళ్లు గట్టిగా పట్టుకుంది. "లోపలికి వెళ్లు. తడి చేతులతో ఉండకు."

హుల్కర్ కదల్లేదు. చెంబు జారి నేల మీద పడి దొర్లుకుంటూ పోయింది.

ఎర్గష్ వసారా దిగి వచ్చి చెంబు తీశాడు. భార్యకు అందించబోయాడు. అందుకోవడానికి ఆమె అలవాటుగా చెయ్యి చాపింది, తువ్వాలు జారింది.

అతను ఆ గోళ్ల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత మెట్టు మీది పచ్చికాయల వైపు చూశాడు.

"హుల్కర్," అన్నాడు. "ఈ ఏడు మురబ్బా పెట్టలేదంది కదా అమ్మ?"

"పక్కింట్లో పెట్టారు," తాజినిసా గబగబా అంది. "సాయానికి వెళ్లింది."

"ఆసుపత్రి నుంచి పక్కింటికి వెళ్లిందా?"

"అన్నీ నీకెందుకురా? ఆడవాళ్ల పనులు..."

"ఊరుకోండి అత్తయ్యా," అంది హుల్కర్.

ఆ గొంతులో ఇందాకటి అరుపుల్లో ఒక్కటీ లేదు. ఆమె రెండు చేతులూ ముందుకు చాపి, మొగుడికి కనిపించేలా, ఎండలో అలాగే ఉంచింది. ఎర్గష్ పట్టుకున్న చెంబులోంచి మిగిలిన నీళ్లు అతని చెప్పుల మీద కారుతున్నాయి. సనోబర్ తమ్ముడి పక్కకు వచ్చి నిలబడింది.

కొట్టం వైపు నుంచి మునిస్ వచ్చింది. ఒక చేతిలో దూడ మేసి వదిలేసిన గడ్డిపోచ, ఇంకో చేతిలో రుమాలు.

"అమ్మా, ఊరికే జారిపోతోంది. ఎండ తగిలితే మండుతోంది," అని తల్లి ముందుకొచ్చి, వీపు అటు తిప్పి, జడలు వేయించుకునేటప్పుడు నిలబడే అలవాటు ప్రకారం మెడ కొంచెం వెనక్కి వంచి నిలబడింది. "నువ్వే కట్టు."

హుల్కర్ చాపిన చేతులు చాపినట్టే ఉండిపోయాయి.